విషయం: విషయం లేకపోవుట – గురించి

తపాలు విప్పే గుమాస్తా మీ అర్జీ మొత్తం చదువుతాడని మీరెవరైనా అనుకుంటున్నారా? అయితే మీరు ఏ సర్కారీ ఆఫీసులోనూ పనిచెయ్యలేదన్నమాటే. చదవడండీ. నేను చదవలేదు, నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయనా చదవలేదు. చదివే తీరికుంటే కదా! పొద్దున్నే కట్ట వచ్చి బల్ల మీద పడేది. ఒక్కో కాగితం తీయడం, పైన ‘విషయం’ అని రాసిన వరస చూడడం, దాన్ని ఇన్‌వర్డు రిజిస్టరు గడిలోకి ఎక్కించడం, నెంబరు వేసి పక్కన పెట్టడం. అంతే. ఆ గడి వెడల్పు బెత్తెడు. మీ ఇంటి గొడవ, మీ పొలం గట్టు, మీ తమ్ముడు చేసిన మోసం, అన్నీ కలిపి ఆ గడిలో ఎంత పడితే ఆఫీసుకు అంతే తెలిసేది.

ఆ ముక్క చూసే ఎమ్మార్వో గారు కాగితం ఎ1 సీటుకా, బి2 సీటుకా అని అంచున రాసేవారు. తప్పు సీటుకు పోయిన కాగితం తన సీటు వెతుక్కుంటూ రావడానికి వారాలు పట్టేది. ఆ సీటాయన సెలవు మీద ఉంటే మరీ నిశ్చింతగా పడుకునేది. ఎప్పటికో అర్జీదారు వచ్చి బల్ల ముందు నిలబడేవాడు.

“నెంబరుందా?”

“లేదండి.”

“తేదీ?”

“దసరా ముందండి.”

“దేని గురించి?”

“మా గురించేనండి!”

ఇంకేం వెతుకుతాం?

అందుకే మా రోజుల్లో విషయం వరసంటే భయమూ ఉండేది, భక్తీ ఉండేది. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఏ తాలూకా ఆఫీసు ముందైనా చెట్టు కింద బల్ల వేసుకుని అర్జీలు రాసే ఆయనొకడు ఉండేవాడు. రైతు వచ్చి కూర్చుని, తాతగారి కాలం నుంచి మొదలుపెట్టేవాడు. ఈయన కలం కదిపేవాడు కాదు. తలెత్తి ఒకటే అడిగేవాడు: “అదంతా కింద రాసుకుందాం. ఆఫీసరు గారు ఏం చెయ్యాలి నీకు?” కొలిపించాలా, పేరు మార్చాలా, డబ్బు ఇప్పించాలా, పక్కవాణ్ణి పిలిచి అడగాలా? అది తేలేదాకా కాగితం మీద సిరా పడేది కాదు. సగం మందికి అప్పటిదాకా తమకేం కావాలో తమకే తెలిసేది కాదు. కోపం ఉండేది, కోరిక ఉండేది కాదు. కోపాన్ని ఏ సీటుకని పంపుతాం?

ఈ పద్ధతి మేం పుట్టించింది కాదు లెండి. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు టోటెన్‌హామ్ అని ఒక దొర ఆఫీసు కాగితాల నడకకు వరస ఏర్పరిచాడు. టోటెన్‌హామ్ పద్ధతి అనే ఇప్పటికీ అంటారు. తపాలు, రిజిస్టర్లు, ఫైలు ముగింపులు, అన్నీ దాని ప్రకారమే. ఫైలు పేరు ఎలా ఉండాలంటే పెద్దది ముందు, చిన్నది తర్వాత, మధ్యలో అడ్డగీతలు. “భూములు – తూర్పు గోదావరి జిల్లా – కొత్తపేట మండలం – ఫలానా గ్రామం – ఫలానా సర్వే నెంబరు – పాసుపుస్తకంలో తండ్రి పేరు తప్పు – సవరణ కోరుట – గురించి.” ఇప్పుడు మీరు చూసే జీవోల నెత్తిన ఉండేదీ ఇదే వరస. మా మనవరాలు దీన్ని చూసి నవ్వుతుంది. “ఇదేం తెలుగు తాతయ్యా, వాక్యంలో క్రియే లేదు” అంటుంది. క్రియ చెయ్యాల్సింది ఆఫీసరు గారమ్మా, వాక్యం కాదు.

అందంగా లేదు, ఒప్పుకుంటాను. కానీ దాని లోపలి తెలివి చూడండి. ‘భూములు’ అనగానే భూముల సీటాయన చెయ్యి చాపుతాడు, మిగతావాళ్లు తల దించుకుంటారు. మండలం పేరు రాగానే కాగితం ఎటు వెళ్లాలో తేలిపోతుంది. సర్వే నెంబరు దగ్గర అడంగల్ తెరుస్తారు. ‘సవరణ కోరుట’ దగ్గర ఏం చెయ్యాలో తెలుస్తుంది. ఎవరికి ఎంతవరకు కావాలో అంతవరకే చదివి ఆగవచ్చు. రాసినవాడి బాధ అందులో ఉండదు. చదివేవాడి పని ఉంటుంది. ఇప్పటి వాళ్లకు ఎక్కనిది ఇదే.

ఇంకో సంగతి. అప్పట్లో జిల్లా ఆఫీసంటే కాకినాడ. మన కోనసీమకు సొంత జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న కదా. అంతకుముందు అమలాపురం నుంచి కలెక్టరాఫీసుకు పోవాలంటే ముక్తేశ్వరం దాకా వెళ్లి, గోదారి దాటడానికి పంటు కోసం కూర్చుని, కోటిపల్లి రేవులో దిగి, మళ్లీ బస్సెక్కాలి. బాలయోగి గారి పేరు పెట్టిన ఎదుర్లంక–యానాం వంతెన వచ్చాక గానీ ఆ కష్టం తగ్గలేదు. గాలి గట్టిగా ఉంటే పంటు కదలదు. అంతా చేసి వెళ్తే “ఇది మా సెక్షన్ది కాదండి” అని కాగితం వెనక్కిస్తే? రోజు పోయె, కూలి పోయె, బస్సు డబ్బులు పోయె. అలా ఒకసారి తిరిగొచ్చినవాడు ఆ తర్వాత విషయం వరసను ముగ్గురికి చూపించి గానీ రేవు దాటేవాడు కాదు. ఇప్పుడు మండలాఫీసు కూడా అక్కర్లేదు, ఊళ్లో సచివాలయం ఉంది, చేతిలో ఫోనుంది. తప్పు రాస్తే పోయేదేముంది అనుకుంటున్నారు. పోయేది పోతూనే ఉంది, కనపడ్డం లేదు.

ఊరి పేర్ల సంగతి చెబితే మీకు అర్థమవుతుంది. మన జిల్లాలో పి.గన్నవరం ఉంది, వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టు ఉన్న ఊరు. విమానాలు దిగే గన్నవరం విజయవాడ పక్కనుంది. మనకు ఐ.పోలవరం ఉంది. ప్రాజెక్టు కట్టే పోలవరం ఎగువనుంది. ముందున్న ఆ ఒక్క అక్షరం కోసం మేం ప్రాణం పెట్టేవాళ్లం. ఇప్పుడు ఫోనులో వస్తుంది చూడండి, “గన్నవరంలో ఘోర ప్రమాదం”. ఇక్కడ తల్లులు గుండెలు పట్టుకుని పిల్లలకు ఫోన్లు. గంట తర్వాత తెలుస్తుంది, ఆ గన్నవరమని. పి చుక్క పెట్టడానికి, లేదా కృష్ణా జిల్లా అని రాయడానికి ఎంతసేపు పడుతుంది నాయనా?

కాలువల విషయం అంతకన్నా చిక్కు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసినప్పటి నుంచీ ఈ మధ్య డెల్టాలో అడుగడుగునా నీళ్లే. కానీ వచ్చే నీళ్లు వేరు, పోయే నీళ్లు వేరు. పంట కాలువ, పంట బోదె ఒక శాఖ ఇంజనీర్లవి. మురుగు కాలువ, అంటే డ్రెయిను, ఇంకొకళ్లది. అమలాపురం వైపు కౌశిక ఉంది, పంచనది ఉంది, కూనవరం డ్రెయిను ఉంది. జూన్, జులైల్లో నారుమళ్లు మునిగితే జనం రాసేది ఏమిటి? “కాలువ బాగు చేయించండి.” ఏ కాలువయ్యా? పంట కాలువ ఇంజనీరు చూసి తనది కాదంటాడు, అది తన తప్పు కాదు. ఈలోగా నారు కుళ్లిపోతుంది. “ఫలానా డ్రెయినులో ఫలానా వంతెన నుంచి ఫలానా మొగ వరకు గుర్రపుడెక్క, పూడిక – తొలగించుట” అని రాసి చూడండి. పని జరుగుతుందని హామీ ఇవ్వను. తప్పించుకోవడానికి ఒక దారి మాత్రం మూసుకుపోతుంది.

లెక్క కూడా అంతే. మునిగింది 18 ఎకరాలైతే 18 అనే రాయాలి. “వందలాది ఎకరాలు మునక” అని రాస్తే ఆఫీసరు పరుగెత్తుకుని వస్తాడు, నిజమే. వచ్చి గట్టు మీద నిలబడి చూస్తాడు. మరుసటి ఏడు నిజంగా వందల ఎకరాలు మునిగినప్పుడు ఆయన రాడు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను నాటి కాగితాలు నేనెప్పటికీ మర్చిపోను. కాట్రేనికోన, ఐ.పోలవరం వైపు ఊళ్లకు ఊళ్లే పోయాయి. వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు. కొబ్బరి తోటల్లోకి వెళ్తే ఆకాశం కనపడేది. ఎప్పుడైనా చూశామా కోనసీమ తోటలో ఆకాశం! ఆ తర్వాత వచ్చిన అర్జీల గుట్టలు చెప్పలేను. అన్నింటి మీదా ఒకటే విషయం: “తుఫాను నష్టం – సహాయం కోరుట.” తుఫాను అందరికీ వచ్చిందయ్యా, నీకు పోయిందేమిటి? ఇల్లు పోతే ఒక సీటు చూస్తుంది. చెట్లు పోతే ఉద్యానశాఖ వాళ్లు లెక్కపెట్టాలి. పడవా వలా పోతే మత్స్యశాఖ. గేదె పోతే పశువుల డాక్టరు రాసివ్వాలి. మనిషి పోతే అది వేరే కాగితం, వేరే రుజువులు, అన్నిటికన్నా ముందు కదలాల్సింది. అన్నీ ఒకే పేరుతో ఒకే గుట్టలో పడితే, కొడుకును పోగొట్టుకున్న తల్లి కాగితం పది చెట్లు పడ్డాయన్న కాగితం కింద నలిగిపోతుంది. మేం వరండాలో బల్లలు వేసి, వచ్చినవాళ్లను వచ్చినట్టే నిలబెట్టి, కాగితం నెత్తిన రాయించాం: ఇల్లు, చెట్లు, పడవ, పశువు, మనిషి. చెట్ల దగ్గర మళ్లీ వేళ్లతో సహా పడినవి ఎన్ని, మొవ్వు విరిగినవి ఎన్ని అని విడిగా. అలా రాయించడానికి మనసు గట్టిగా ఉండాలండీ. ఏడుస్తున్న మనిషిని “మొవ్వు విరిగినవి ఎన్ని?” అని అడగడం తేలిక కాదు. అడక్కపోతే మాత్రం ఆ కాగితం ఎక్కడికీ పోదు.

కొబ్బరి అన్నాను గనక ఇప్పటి సంగతీ చెబుతాను. 2016లో మన దేశంలో మొదటిసారి కనపడిన సర్పిలాకార తెల్లదోమ ఆ తర్వాత మన తోటల్లోకీ దిగింది. తోటల వాళ్లు ఫొటో తీసి నాలుగు గుంపుల్లో పెడతారు. పైన ఏం రాస్తారు? “చెట్టు పోతోంది, అర్జంటు.” లేదంటే ఎవరో చెప్పింది పట్టుకుని “వైరస్ వచ్చింది” అని. అంబాజీపేటలో ఉద్యాన పరిశోధనా స్థానం ఉంది. అక్కడి వాళ్లకు మీ భయం అక్కర్లేదు, మీ ఊహా అక్కర్లేదు, మీ కంటికి కనపడింది కావాలి. ఆకు అడుగున తెల్లని చుట్టలు చుట్టలుగా ఉండి, కింది ఆకుల మీద నల్లని మసి పట్టిందా? అది తెల్లదోమ. ఆకు విసనకర్రలా కత్తిరించినట్టుందా? కొమ్ముపురుగు. మాను మీద రంధ్రం పడి ఎర్రగా కారుతోందా? ఎర్రముక్కు పురుగు, ఒక్క రోజు కూడా ఆగకూడదు. మూడింటికీ మూడు వైద్యాలు. తెల్లదోమకు ఎడాపెడా పురుగుమందు కొడితే దాన్ని తినే మిత్రపురుగులు కూడా చచ్చి మొదటికే మోసం వస్తుంది. “వైరస్” అని రాసినవాడికి వైరస్ గురించే సలహా వస్తుంది మరి. కనపడింది పైన రాసి, అనుమానం కింద రాసుకోవాలని మా చెట్టు కింది బల్లాయన ఏ కాలేజీలోనూ చదవకుండానే చెప్పేవాడు.

గోదారి వరద దగ్గరికి రండి. మన లంకల్లో ముసలమ్మనడిగినా మూడు అంకెలు చెబుతుంది: 11.75, 13.75, 17.75. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం అన్ని అడుగులకు చేరితే మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరిక. “ధవళేశ్వరం – రెండో హెచ్చరిక” అని రేడియోలో ఒక్క ముక్క వింటే చాలు, గేదెల్ని ఎప్పుడు గట్టెక్కించాలో, గింజల బస్తాలు అటక మీదికి ఎప్పుడు చేర్చాలో లంకవాళ్లకు తెలిసిపోయేది. నీళ్లు ధవళేశ్వరంలో పెరిగాక తమ ఊరికి ఎన్ని గంటల్లో వస్తాయో వాళ్లకు తెలుసు కనుక, మిగతా లెక్క వాళ్లే వేసుకునేవారు. అంతకన్నా మంచి శీర్షిక నేను నా జన్మలో చూడలేదు. ఎక్కడ, ఎంత అన్నవి రెండే మాటల్లో. ఇప్పుడో? “గోదారి ఉగ్రరూపం”, “వణుకుతున్న కోనసీమ”, “చివరి వరకు చూడండి”. చివరి వరకు చూశాను. పది నిమిషాలు గాలి శబ్దం, ఎవరిదో అరుపు, తర్వాత బంగారం కొట్టు ప్రకటన. ఎన్ని అడుగులో చెప్పలేదు.

పైగా తేదీ లేదు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వీడియోలు ప్రతి వానాకాలం మళ్లీ తేలుతున్నాయి. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటినప్పుడు ఫోన్లు లేవు గనక బతికిపోయాం, లేకపోతే ఆ వరద కూడా ఏటేటా మన గుమ్మంలోకి వచ్చేది.

పత్రికల వాళ్లను కూడా వదలను. అప్పట్లో ఊరి విలేకరి వార్త రాసి కవర్లో పెట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చేవాడు. పై ముక్కలో ఊరు, జరిగింది, ఎప్పుడు – అంతే. ఇప్పుడు ప్రాస పిచ్చి పట్టింది. గండి పడితే “గండి.. గుండె మండి”. రోడ్డు పాడైతే “దారి తప్పిన దారి”. భలే ఉంది, నాకూ నవ్వొస్తుంది. కానీ ఏ గట్టుకు గండి పడిందో తెలియాలంటే నాలుగో పేరా దాకా ఈదాలి. ఆ గట్టు కింద పొలం ఉన్నవాడికి అంత ఓపిక ఎక్కడిది?

ఇంతకీ కోనసీమ జనం మంచి శీర్షిక పెట్టలేరని కాదు. 2011 సార్వాకు ఏం చేశారో గుర్తుంది కదా. గిట్టుబాటు ధర లేదు, కూలీలు దొరకరు, డ్రెయిన్లు పూడిపోయాయి, పెట్టుబడి పెరిగింది. ఏళ్ల తరబడి ఈ బాధలన్నీ పేజీలకు పేజీలు రాసిచ్చాం, ఎవరూ కదల్లేదు. ఆ ఏడు రైతులు “క్రాప్ హాలిడే” అన్నారు. రెండు మాటలు. వేల ఎకరాల్లో నాట్లు పడలేదు. అన్నపూర్ణ లాంటి డెల్టాలో రైతు పంటకు సెలవు పెట్టాడని దేశమంతా ఉలిక్కిపడింది. ప్రభుత్వం మోహన్ కందా గారి కమిటీ వేసింది. అది పని చెయ్యడానికి కారణం మాట పదునొక్కటే కాదు, మాట ఎంతో చేత అంతే. నాటం అన్నారు, నాటలేదు. 2022లో కొన్ని మండలాల్లో మళ్లీ ఆ మాటే వినపడింది.

మా రోజులన్నీ స్వర్ణయుగమని నేననను. 1966లో తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. అంతకుముందు ఇంగ్లీషులో ఉన్న విషయం వరస కింద రైతు వేలిముద్ర వేసేవాడు, తన కాగితం దేని గురించో తనకే తెలియకుండా. తెలుగు వచ్చాక కూడా “కోరుట – గురించి” అన్నది వాడి భాష కాదు. విషయం సరిగ్గా లేదన్న వంకతో కాగితం విసిరేసిన గుమాస్తాలనూ చూశాను, చెట్టు కింద బల్లకు పంపి అందులో వాటా పుచ్చుకున్నవాళ్లనూ చూశాను. ఇప్పుడు సోమవారం అమలాపురంలో ఎవరైనా వెళ్లి నోటితో చెప్పుకోవచ్చు, ఆపరేటరే ఎక్కించుకుని రసీదిస్తాడు. అది నిస్సందేహంగా మేలు. కానీ ఆ ఆపరేటరు పిల్లాడు మీ కథంతా విని చివరికి చేసేదేమిటి? శాఖ పేరు ఎంచుకుని ఒక వరస టైపు చేస్తాడు. ఆ వరస మీరు చెప్పకపోతే వాడికి తోచింది కొడతాడు. బెత్తెడు గడి ఎక్కడికీ పోలేదు, తెర మీదికెక్కింది.

పోయిన వారం మా వీధి చివరి కుర్రాడు వచ్చాడు. ఇంజనీరింగు చదివాడు, మంచివాడే. వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తున్నాయని అందరి తరపునా కాగితం తయారుచేశాడు. నెత్తిన “విషయం: మా వీధి ప్రజల కన్నీటి గాథ” అని, దాని పక్కన దండం పెడుతున్న చేతుల బొమ్మలు.

“ఎవరి కన్నీళ్లు తుడవమంటావు, పంచాయతీనా, డ్రైనేజీ వాళ్లనా?” అన్నాను.

“మీరే చెప్పండి తాతగారూ.”

“నీళ్లెందుకు నిలుస్తున్నాయి?”

“రోడ్డు ఎత్తు చేశారండి. తూము మూసుకుపోయింది.”

“ఆ తూము ఎక్కడ?”

“రామాలయం మలుపులో.”

“మరి ఆ ముక్క రాయవేం?”

గొణుక్కుంటూ కొట్టాడు: “పంచాయతీ – ఫలానా గ్రామం – రామాలయం మలుపు – రోడ్డు కింద మూసుకుపోయిన తూము – తెరిపించుట – గురించి.” చదువుకుని మొహం చిట్లించాడు. “ఇంత చప్పగానా? ఎవరు పట్టించుకుంటారండీ?” అన్నాడు. తూము తెరిచేవాడు పట్టించుకుంటే చాలన్నాను. సరేనన్నాడు గానీ ఆ దండాల బొమ్మలు మాత్రం తియ్యనన్నాడు, గౌరవంగా ఉంటాయట. ఉండనీ, కింద సంతకాల దగ్గర పెట్టుకో అన్నాను. ఆయ్ అన్నాడు. నిన్న రసీదు తెచ్చి చూపించాడు. విషయం నేను చెప్పినట్టే ఉంది. దండాలు మాత్రం పైనే ఉన్నాయి, ఒకటి ఎక్కువ కూడా పెట్టాడు.